బీచ్–తాంబరం రైలు దారిలో టి-కణాల చరిత్ర

చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలు అనుకుంటాం. మన చెన్నైలో సెయింట్ జార్జి కోట ఉంది కాబట్టి అలాంటి చరిత్ర మనకు బాగానే తెలుసు. అయితే ఈ ఊరికి ఇంకో యుద్ధంతో కూడా సంబంధం ఉంది. అది మన ఒంట్లో రోజూ జరిగే యుద్ధం. ఆ యుద్ధంలో ముందుండి పోరాడే కణాలను టి-లింఫోసైట్లు అంటారు. తేలిగ్గా ఉండడానికి టి-కణాలు అందాం.

బీచ్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కి తాంబరం వెళ్లేవాళ్లు పార్కు, చేత్‌పట్, గిండీ, తాంబరం శానటోరియం స్టేషన్లు దాటుకుంటూ పోతారు. ఈ నాలుగు చోట్లా క్షయ మీద, ఎయిడ్స్ మీద పెద్ద పనులే జరిగాయి. రెండు జబ్బుల కథా టి-కణాల కథే. ఆ కథను మన ఊరి స్టేషన్ల మీదుగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

రక్తంలో నీరా, కణాలా?

ముందు కొంచెం ప్రపంచ చరిత్ర చూద్దాం. 1882లో రష్యా శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనాలో సముద్ర తీరాన ఉండేవాడు. నక్షత్ర చేప పిల్ల ఒళ్లు గాజులాగా ఉంటుంది, లోపల ఏం జరిగినా కనిపిస్తుంది. దానిలో ఒక ముల్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోపులో చూశాడు. ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. శత్రువును మింగే కణాలు ఒంట్లో ఉన్నాయని ఆయన చెప్పాడు. వాటినే మనం పాఠంలో భక్షక కణాలు అని చదువుకున్నాం.

1890లో జర్మనీలో ఎమిల్ బేరింగ్, జపాన్ శాస్త్రవేత్త కితసాతో కలిసి వేరే సంగతి కనిపెట్టారు. ధనుర్వాతాన్ని తట్టుకున్న జంతువు రక్తం నుంచి కణాలు తీసేసి, మిగిలిన సీరం ఇంకో జంతువుకు ఇస్తే దానికి కూడా రక్షణ వచ్చింది. అంటే రక్షణ సీరంలోనే ఉందన్నమాట. ఆ రక్షించే పదార్థాలే ప్రతిదేహాలు. ఇక అక్కడి నుంచి రెండు పక్షాలయ్యాయి. కణాలే కాపాడతాయని ఒకరు, సీరమే కాపాడుతుందని ఇంకొకరు. 1908లో నోబెల్ బహుమతి మెచ్నికోవ్‌కూ, సీరం పక్షం వాడైన పాల్ ఎర్లిఖ్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరూ గెలిచినట్టే. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు సీరం పక్షానిదే పైచేయి అయింది.

ఒక్క జబ్బు మాత్రం సీరం పక్షానికి లొంగలేదు. అది క్షయ. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోఖ్ కనుక్కున్నట్టు 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. అందుకే మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుతున్నారు. 1890లో ఆయన ఆ సూక్ష్మజీవుల నుంచి ట్యూబర్‌క్యులిన్ అనే మందు తీసి, దీనితో క్షయ నయమవుతుందన్నాడు. నయం కాలేదు. కానీ ఇంకో రకంగా అది పనికొచ్చింది. క్షయ సూక్ష్మజీవి ఎప్పుడో ఒంట్లోకి వచ్చినవాళ్లకు ఆ మందును కొద్దిగా చర్మంలోకి ఎక్కిస్తే అక్కడ గట్టిగా, ఎర్రగా వాస్తుంది. అదీ వెంటనే రాదు. రెండు మూడు రోజులు పడుతుంది. ఇప్పటికీ చేసే మాంటూ పరీక్ష ఇదే.

ఎందుకంత ఆలస్యం? ప్రతిదేహాలు రక్తంలో సిద్ధంగా ఉంటాయి కాబట్టి వాటి పని త్వరగా కనిపించాలి. ఇక్కడ ఎవరో దూరం నుంచి నడిచి రావాల్సి వస్తోంది. 1940ల్లో న్యూయార్కులో మెరిల్ చేజ్ ఈ ముడి విప్పాడు. ట్యూబర్‌క్యులిన్‌కు వాపు వచ్చే గినీ పిగ్ నుంచి సీరం తీసి ఇంకోదానికి ఇచ్చాడు, ఏమీ కాలేదు. తెల్ల కణాలు తీసి ఇచ్చాడు, రెండోదానికి కూడా వాపు వచ్చింది! ఆ ఆలస్యం కణాలు నడిచి వచ్చే ఆలస్యమే. ఈ రకం రక్షణకే కణ ఆధారిత రోగనిరోధకత అని పేరు.

ఆ కణాలు ఎక్కడ తయారవుతాయో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అనే యువ శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ గ్రంథి తీసేశాడు. థైమస్ మన రొమ్ము ఎముక వెనకాల, గుండెకు పైన ఉంటుంది. అప్పటిదాకా అదొక పనికిరాని అవయవం అనుకునేవారు. థైమస్ లేని పిల్లలు మామూలు సూక్ష్మజీవులకు కూడా తట్టుకోలేక చిక్కిపోయాయి. వేరే ఎలుక చర్మం అతికిస్తే పరాయిదని గుర్తుపట్టలేక ఉంచేసుకున్నాయి. థైమస్‌లో తయారయ్యే కణాలే కాపలాదారులని అలా తేలింది. థైమస్ మొదటి అక్షరంతోనే వాటికి టి-కణాలు అని పేరు వచ్చింది. ఈ మిల్లర్ అక్క చిన్న వయసులోనే క్షయతో చనిపోయిందట. ఆ సంగతి చదివాక ఆ ప్రయోగం నాకు ఉత్త ప్రయోగంగా అనిపించలేదు.

ఇంటి దొంగను పట్టేవాడు

క్షయకు ప్రతిదేహాలు ఎందుకు చాలవు? దీనికి జవాబు మన సామెతలోనే ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు కదా, క్షయ సూక్ష్మజీవి అలాంటి ఇంటి దొంగ.

దగ్గు తుంపరల నుంచి ఆ సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లోకి చేరగానే భక్షక కణం దాన్ని మింగేస్తుంది. మింగితే చావాలి. కానీ ఇది చావదు, మింగిన కణం కడుపులోనే కాపురం పెట్టి పిల్లలు పెడుతుంది. ప్రతిదేహాలు కణం బయట తిరుగుతాయే కానీ లోపలికి పోలేవు. బయట పోలీసు, లోపల దొంగ!

అప్పుడు టి-కణాలు రావాలి. సూక్ష్మజీవిని మింగిన కణం ఊరికే ఉండదు. దాని ముక్కలను తన పైపొర మీద పెట్టి చూపిస్తుంది. కిటికీలోంచి ఎర్రగుడ్డ ఊపినట్టు అనుకోండి. ఆ ముక్కను గుర్తుపట్టే టి-కణం దానికి అంటుకుని చూస్తుంది. ముక్క ఒక్కటే కనిపిస్తే చాలదు, చూపించే కణం మన ఒంటిదే అన్న గుర్తు కూడా ఉండాలి. ఈ రెండు గుర్తుల సంగతి ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1970ల్లో కనిపెట్టారు. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

టి-కణాల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సహాయక టి-కణం. దీని మీద సీడీ4 అనే గుర్తు ఉంటుంది. ఇది తాను చంపదు, చంపేవాళ్లను లేపుతుంది. ఇంటర్‌ఫెరాన్-గామా అనే పదార్థాన్ని వదిలితే, నిద్రపోతున్నట్టున్న భక్షక కణం రెచ్చిపోయి లోపలి సూక్ష్మజీవుల మీద పడుతుంది. రెండోది సీడీ8 గుర్తున్న హంతక టి-కణం. ఇది సోకిన కణానికే చిల్లులు పెట్టి చంపేస్తుంది. ముఖ్యంగా వైరస్ సోకిన కణాలను ఇలా తీసేస్తుంది.

అయినా క్షయ సూక్ష్మజీవులన్నీ చావవు. చావనివాటి చుట్టూ భక్షక కణాలు, టి-కణాలు కలిసి గోడ కట్టేస్తాయి. లోపల అది నివురుగప్పిన నిప్పులాగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సూక్ష్మజీవి సోకిన ప్రతి వందమందిలో జబ్బు పడేది జీవితం మొత్తంలో ఐదు నుంచి పదిమందే. మిగతావాళ్లను కాపాడేది ఆ గోడే. గోడకు కాపలా టి-కణాలు.

గిండీ: మచ్చ వెనక కథ

మనలో చాలామంది ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. అది బీసీజీ టీకా మచ్చ. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు పశువుల క్షయ సూక్ష్మజీవిని 13 ఏళ్లపాటు, 230 సార్లు మళ్లీ మళ్లీ పెంచి దాని కోరలు తీశారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. బీసీజీలో బీ అంటే బాసిలస్, సీ, జీ ఆ ఇద్దరి పేర్లే. అందులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవే, కానీ బలహీనమైనది. దాన్ని చూసి మన టి-కణాలు శత్రువు ముఖం గుర్తుపెట్టుకోవాలి. అదీ ఆలోచన.

మన దేశానికి ఈ టీకా తయారుచేయడానికి 1948లో గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో బీసీజీ ప్రయోగశాల పెట్టారు. ఆ ఏడే దేశంలో టీకా పని మొదలైంది. తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. అది అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో ఉండేది. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరంలో పేరున్న క్షయ ఆసుపత్రి ఉంది. తెలుగు పల్లెల్లో క్షయ ఎంత ఉందో లెక్కలు తీసే పని కూడా అక్కడి డాక్టర్లు చేశారు.

అందరూ ఒప్పుకోలేదు. మన రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన రాజాజీ 1955లో ఈ టీకాను తానెందుకు వ్యతిరేకిస్తున్నారో ఒక పుస్తకమే వేశారు. పనిచేస్తుందని సరిగ్గా రుజువు కాని టీకాను, బతికున్న సూక్ష్మజీవులతో, ఊరూరా పిల్లలకు వేయవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1930లో జర్మనీలోని లూబెక్‌లో టీకాలో అసలు క్షయ సూక్ష్మజీవి కలిసిపోయి 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. తప్పు టీకాది కాదు, తయారుచేసిన చోటుది. అయినా తల్లిదండ్రులకు భయం ఉండదా? ప్రభుత్వం మాత్రం పని ఆపలేదు.

తిరువళ్లూరు: ప్రశ్నకు జవాబు వెతికిన పల్లెలు

ఇక్కడ కాసేపు తాంబరం దారి వదిలి, సెంట్రల్ నుంచి అరక్కోణం పోయే దారి పట్టాలి. ఆ దారిలో తిరువళ్లూరు ఉంది. అప్పట్లో అది చెంగల్పట్టు జిల్లా. చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కూడా చాలామంది ఉన్న ప్రాంతం. భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1968లో అక్కడ బీసీజీ పరీక్ష మొదలుపెట్టాయి. రెండున్నర లక్షలమందికి పైగా జనం అందులో ఉన్నారు. కొందరికి బీసీజీ, కొందరికి ఉత్త మందునీళ్లు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవాళ్లకూ తెలియదు, పరీక్ష చేసేవాళ్లకూ తెలియదు. తర్వాత ఏళ్ల తరబడి ఎవరికి క్షయ వస్తోందో చూశారు.

1979లో ఫలితం వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఇంగ్లండులో బాగా పనిచేసిన టీకా ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? ఎక్కువమంది చెప్పే కారణం ఒకటుంది. మన వేడి నేలల్లో, మట్టిలో, నీటిలో క్షయ సూక్ష్మజీవికి చుట్టాల్లాంటి సూక్ష్మజీవులు ఉంటాయి. టీకా వేయకముందే అక్కడి జనం టి-కణాలు వాటిని చూసి కొంత నేర్చుకున్నాయి. నేర్చుకున్న కణాలకు టీకా కొత్తగా నేర్పేది పెద్దగా లేకపోయింది.

అయితే టీకా ఇంకా ఎందుకు వేస్తున్నారు? పసిపిల్లలకు మెదడు పొరలకు వచ్చే క్షయ, ఒళ్లంతా పాకే క్షయ చాలా ప్రమాదం. వాటి నుంచి బీసీజీ బాగా కాపాడుతుంది. కాబట్టి పుట్టగానే వేయించాలి. కానీ భుజం మీద మచ్చ ఉంది కదా, నాకు క్షయ రాదు అనుకోకూడదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మచ్చ ఉన్నా సరే పరీక్ష చేయించుకోవాలి. రాజాజీ అడిగిన ప్రశ్న సరైనదే, టీకా వేయడమూ సరైనదే. రెంటికీ జవాబు పరీక్ష చేసి చూస్తేనే దొరికింది.

చేత్‌పట్: ఇంట్లోనే మందు

క్షయ వస్తే పూర్వం ఊరి బయట శానటోరియంలో నెలల తరబడి ఉంచేవారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. అవన్నీ టి-కణాలకు బలమే. కానీ దేశంలో ఉన్న రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. 1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధన కేంద్రం పెట్టారు. బ్రిటిష్ డాక్టర్ వాలెస్ ఫాక్స్ దానికి పెద్ద. ఊళ్లోని పేద రోగులు 193 మందిని రెండు భాగాలు చేసి, సగం మందిని శానటోరియంలో పెట్టారు, సగం మందికి ఇంట్లోనే మందులిచ్చారు. ఇళ్లేమో ఇరుకు, తిండేమో అంతంత మాత్రం. అయినా 1959లో వచ్చిన ఫలితం చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో ఉన్నారు కదా అని వాళ్ల ఇంటివాళ్లకు క్షయ ఎక్కువగా రాలేదు కూడా. ప్రపంచ దేశాలు ఈ పద్ధతిని నేర్చుకున్నాయి. ఆ కేంద్రమే ఇప్పుడు చేత్‌పట్‌లో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉంది.

ఇది జరిగి అరవై ఏళ్లు దాటింది. అయినా మా వీధిలో ఒక అత్తకు క్షయ వచ్చి, ఆరు నెలలు మందులు మింగి, నయమైందని డాక్టరు చెప్పాక కూడా ఆమె కంచం, గ్లాసు వేరుగానే పెట్టారు. పెళ్లి పిలుపులు కూడా తగ్గాయి. క్షయ కంచం వల్ల రాదు, గాలి వల్ల వస్తుంది. మందులు సరిగ్గా మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మన ఊరే లోకానికి చెప్పిన సంగతి మన వీధికి ఇంకా చేరలేదంటే బాధగా ఉంటుంది.

పార్కు స్టేషన్ పక్కన: కాపలాదారులనే చంపే వైరస్

1981లో అమెరికాలో కొంతమంది యువకులకు, ఆరోగ్యవంతులకు మామూలుగా రాని జబ్బులు వచ్చాయి. వాళ్ల రక్తం చూస్తే సహాయక టి-కణాలు బాగా తగ్గి ఉన్నాయి. అదే ఎయిడ్స్. 1983లో పారిస్‌లో దానికి కారణమైన వైరస్ దొరికింది. ఆ వైరస్ పట్టుకునేది సీడీ4 గుర్తునే. అంటే చంపేవాళ్లను లేపే కణాన్నే అది చంపుతుంది. ఇల్లు దోచుకునే ముందు కాపలావాణ్ణి కట్టేసినట్టు.

ఇది మన దేశంలో లేదని అప్పట్లో చాలామంది అనుకున్నారు. పార్కు స్టేషన్‌కు దగ్గర్లోని మద్రాసు మెడికల్ కాలేజీలో సూక్ష్మజీవ శాస్త్రం చెప్పే డాక్టర్ సునీతి సోలోమన్ అలా అనుకోలేదు. ఆమె దగ్గర చదువుతున్న సెల్లప్పన్ నిర్మల 1986లో సెక్స్ వృత్తిలో ఉన్న ఆడవాళ్ల దగ్గర రక్త నమూనాలు సేకరించింది. ఆ నమూనాలను వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లి పరీక్ష చేశారు. కొన్నింటిలో వైరస్ జాడ దొరికింది. దేశంలో అదే మొదటిసారి. ఇద్దరు ఆడవాళ్లు, ఒక టీచరు, ఒక విద్యార్థిని, ఎవరూ వినడానికి ఇష్టపడని నిజాన్ని బయటపెట్టారు. సునీతి సోలోమన్ 1993లో వైఆర్‌జీ కేర్ అనే సంస్థ పెట్టి, రోగులను ముట్టుకోవడానికే జనం జంకే కాలంలో వాళ్లకు వైద్యం చేశారు. ఆమె 2015లో చనిపోయారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

తాంబరం శానటోరియం: రెండు కథలు కలిసిన చోటు

డాక్టర్ డేవిడ్ చౌరి ముత్తు 1928లో తాంబరంలో క్షయ శానటోరియం పెట్టారు. అంతకుముందు ఆయన ఇంగ్లండులో నడిపిన శానటోరియంలో మన గణిత మేధావి రామానుజన్ కూడా కొంతకాలం ఉన్నారు. తర్వాత ప్రభుత్వం తాంబరం ఆసుపత్రిని తీసుకుంది. స్టేషన్‌కు ఆ పేరే నిలిచిపోయింది.

క్షయ కోసం కట్టిన ఆ ఆసుపత్రికే తర్వాత హెచ్‌ఐవీ రోగులు వేలల్లో వచ్చారు. ఎందుకో ఇప్పుడు మనకు తెలుసు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక మైక్రోలీటరు రక్తంలో సీడీ4 కణాలు సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. హెచ్‌ఐవీ వల్ల అవి 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశ అంటారు. కాపలా తగ్గగానే గోడ కూలుతుంది, లోపల ఏళ్లుగా ఉన్న నిప్పు బయటికి వస్తుంది. అందుకే మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఎక్కువగా వచ్చే జబ్బు క్షయే. మెరిల్ చేజ్ గినీ పిగ్‌లలో, జాక్ మిల్లర్ ఎలుకల్లో చూసిన దాన్ని తాంబరం డాక్టర్లు మనుషుల్లో చూడాల్సి వచ్చింది.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి కేంద్రాల్లో తాంబరం ఒకటి. ఈ మందులు వైరస్‌ను పూర్తిగా పోగొట్టవు, కానీ పెరగకుండా ఆపుతాయి. అప్పుడు సీడీ4 కణాలు మళ్లీ పెరుగుతాయి. రోజూ మందు వేసుకునేవాళ్లు ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ చాలాకాలం బతుకుతున్నారు.

మనం తెలుసుకోవలసింది

టి-కణాలను తగ్గించేది వైరస్ ఒక్కటే కాదు. ఆకలి కూడా. తిండి చాలని ఒంట్లో టి-కణాలు బలహీనపడతాయి. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లవాళ్లకు నెలనెలా సరుకులు ఇచ్చి చూస్తే, ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. మన చేత్‌పట్ సంస్థకూ ఆ పరిశోధనలో భాగం ఉంది. ఏ టీకాకూ తీసిపోని ఫలితం అన్నం, పప్పు ఇచ్చాయి! ప్రభుత్వం క్షయ రోగులకు తిండి కోసం నెలకు ఇచ్చే డబ్బును 2024లో 500 నుంచి 1000 రూపాయలకు పెంచింది. మన ఇంటి చుట్టుపక్కల ఎవరికైనా ఈ సంగతి తెలియకపోతే చెప్పాలి. తమిళంలో ఉన్న ఫారం చదవలేని మన తెలుగు పెద్దవాళ్లకు మనమే నింపి పెట్టాలి.

జబ్బు వచ్చిన మనిషి లోపల లక్షల టి-కణాలు ఆ మనిషి పక్షాన పోరాడుతుంటాయి. అవి పరాయివాళ్లెవరో, మనవాళ్లెవరో బాగా తెలిసినవి. బయట ఉన్న మనం మాత్రం మనవాళ్లనే పరాయివాళ్లను చేస్తే ఎలా? మందు డాక్టర్లు ఇస్తారు, తిండికి ప్రభుత్వం కొంత ఇస్తుంది. పక్కన కూర్చుని అన్నం తినే పని మనదే.